రాజీనామా ధర్మమా, అలుకయా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



పుస్తకముల పండుగనాడు పదవుల ప్రసంగ మెందులకని కొందరికి సందేహము కలుగవచ్చును. కాని యీ మందిరమునకు పుస్తకమునకై వచ్చువారికంటె పత్రికకై వచ్చువారే యెక్కువ యని యెవరిని అడుగకయే చెప్పవచ్చును. ఉదయము పత్రిక బల్లమీద పడును. ఎండ అరుగెక్కులోపల వాదము ముదురును. ఆ వాదములలో ఎన్నటికిని తెగని దొకటి కలదు. ప్రభుత్వమునకు క్రొత్త నాయకుడు వచ్చును. క్రొత్త విధానమును ప్రవేశపెట్టును. అది నచ్చని మంత్రి యొకడు పదవి వదలి లేచిపోవును. "ఆహా, ధర్మాత్ముడు" అని అరుగుమీద సగముమంది యందురు. "ఏమి ధర్మము! తనకు రావలసిన కుర్చీ మరియొకనికి పోయెనని అలుక" అని మిగిలిన సగము. మరునాడు వేరొక వార్త వచ్చును. మొదటి వాదము తీర్పు లేకయే మూలబడును. నేటి సభలో ఆ మూలబడిన వాదమును మరల బయటికి తీయుట యుద్దేశము.

రాజీనామా యను మాటయే విచిత్రమైనది. పారసీకమున రాజీ యనగా సమ్మతి, నామా యనగా పత్రము. రెండును కలసిన సమ్మతిపత్రము. వ్యాజ్యమాడిన యిరువురును సమాధానపడి కోర్టులో దాఖలుచేయు కాగితము రాజీనామా. ఒకప్పటి రెవెన్యూ దస్త్రములలో రైతు తన భూమిని సర్కారునకు వదలుకొనుచు వ్రాసియిచ్చిన కాగితమును రాజీనామాయే. సమ్మతికి పుట్టిన యీ మాట, తిరిగి తిరిగి, అసమ్మతిచే పదవి వదలు మంత్రి పత్రమునకును పేరై కూర్చున్నది. ఇందొక సూక్ష్మము కలదు. భూమి వదలిన రైతు ఆనాటినుండి శిస్తునకు బాధ్యుడు కాడు. కాని వదలకపూర్వపు బకాయి మాత్రము అతని పేరనే నిలుచును. ఈ బకాయి మాట జ్ఞాపకమున నుంచుకొనవలెను. ముందు దీనితో పని పడును.

మొదట క్రొత్త నాయకుని పక్షమున చెప్పదగినది చెప్పుట న్యాయము. నాయకత్వము చేతులు మారినపుడు విధానము మారుట దోషము కాదు. మారకయే యుండవలెనన్నచో నాయకుని మార్చుటయే వ్యర్థము. పాత కౌలుదారు చెఱకు వేసిన చేలో క్రొత్త కౌలుదారు వరి వేయవచ్చును. పాతవానియొద్ద పనిచేసిన పాలేరు "ఈ చేలో చెఱకే వేయవలెను" అని కాడి దించి కూర్చుండుటకు హక్కు లేదు. మంత్రియు అంతే. శాఖ అతని యధీనమున నుండును గాని అతని సొత్తు కాదు.

అయితే ఆ విధానము మంత్రికి నచ్చనిచో అతనికి న్యాయమైన త్రోవలు మూడు. తలుపులు మూసిన సభలో తన మాట గట్టిగా చెప్పుట. అది చెల్లనపుడు నాయకుని నిర్ణయమును మనఃపూర్వకముగా నడపుట. నడపలేనపుడు పదవి వదలుట. నాలుగవ త్రోవ యొకటి లోకమున మిక్కిలి వాడుకలో నున్నది. కుర్చీ వదలడు, ఆజ్ఞ నడపడు. కాగితముమీద కాగితము పెట్టి జాగుచేయును. చీకటిపడిన పిమ్మట పత్రికలవారికి గుట్టు విప్పును. దీనిని చతురత యందురు. దొంగతన మనుటయే సరి. ఏలయన జీత మొకరియొద్దను, పని మరియొకరికిని.

మరి నచ్చని ప్రతి నిర్ణయమునకును పదవి వదలవలసినదేనా? అట్లయిన మంత్రివర్గ మొక్క నెల నిలువదు. నలుగురన్నదమ్ములున్న యింట ప్రతి ఖర్చునకును నలుగురును సంతోషింపరు. అయినను సంసారము సాగును. మాటిమాటికి రాజీనామా పత్రము జేబులో పెట్టుకొని తిరుగువాడు మంత్రి కాడు, బసలో దిగిన బాటసారి. కనుక గీత యెక్కడ గీయవలెనన్నదే అసలు విచారము.

భేదాభిప్రాయము వేరు, అసత్యమునకు చేవ్రాలు వేరు. మంత్రి పదవి యనగా కడపట ఒక చేవ్రాలు. ఆ పేరు చూచియే ప్రజలు కాగితమును నమ్ముదురు. నచ్చని పైరునకు శిస్తు లెక్క కట్టవచ్చును. పండని పంటను పండెనని అడంగలులో వ్రాయరాదు. పైవాని యాజ్ఞ తెలివితక్కువదైనంతవరకు మంత్రి యోర్చుకొనవచ్చును. ఆ యాజ్ఞను నడపుటకై తాను అబద్ధమని యెరిగినదానిని నిజమని ప్రజలయెదుట పలుకవలసివచ్చినపుడు, లేక తన పేరుమీద తనకు తెలియకుండ మరియొకరు కార్యము నడపుచున్నపుడు, ఆ చేవ్రాలు వెనుకకు తీసికొనుట తప్ప వేరు గతి లేదు. అట్టి రాజీనామా ధర్మమైనది. తక్కినవానిలో కొన్ని సమంజసములు, కొన్ని చాపల్యములు, అనేకము వ్యాపారములు.

భారతమున విదురుని చూడుడు. జూదమునకు పాండవులను పిలుచుకొని రమ్మని ధృతరాష్ట్రుడు పంపినది విదురునే. అది కులనాశనమని రాజుతో చెప్పిన విదురుడే ఆ రాజాజ్ఞ తలదాల్చి యింద్రప్రస్థమునకు పోయెను. ఇది చూచి "అంత జ్ఞానికి ఆనాడే మంత్రిత్వము వదలరాదా" యని యడుగువారు కలరు. కాని అక్కడికి పోయి అతడేమి చెప్పెనో గమనింపవలెను. పండుగకు పిలుపని చెప్పలేదు. ధూర్తులైన జూదరు లచట చేరియున్నారనియు, ఇది అనర్థమని తాను వారించితిననియు, అయినను రాజు పంపెననియు ధర్మరాజుతో ఉన్నదున్నట్లు చెప్పెను. ఆజ్ఞ మోసెను గాని ఆజ్ఞలోని అబద్ధమును మోయలేదు. తరువాత పాండవులు అడవికి పోయినపిమ్మట, మరల హితవు చెప్పగా ధృతరాష్ట్రుడు కోపించి పొమ్మనెను. విదురుడు మారుమాటాడక కామ్యకవనమునకు పోయి పాండవులను చేరెను. రాజు పశ్చాత్తాపపడి సంజయుని పంపగా తిరిగి వచ్చెను. వదలుటలోను పట్టుదల లేదు, తిరిగి వచ్చుటలోను సిగ్గు లేదు. పలికిన మాట మాత్రము రెండుచోట్లను ఒక్కటియే.

దీనికి ప్రక్కన వికర్ణుని నిలిపి చూడవచ్చును. ద్రౌపది ధర్మముగా ఓడలేదని నిండుసభలో పలికినవాడు దుర్యోధనుని తమ్ముడే. పెద్దలు తల వంచుకొన్నచోట పిన్నవాడు నోరు తెరచెను. అంతటితో ఆగెను. యుద్ధమున అన్నపక్షముననే నిలిచి భీముని చేతిలో కూలెను. చంపిన భీముడే అతనికై విచారించెను. వికర్ణుని అధర్మి యని యెవరనగలరు? కాని చెప్పిన మాటకు తగిన వెల అతడు చెల్లింపలేదు. ఇట్టివా రెల్ల మంత్రివర్గములలోను ఒకరిద్దరుందురు.

రాజు మారక మంత్రి హృదయము మాత్రమే మథనపడిన కథ లివి. నాయకుడు మారి, విధానము మారి, మంత్రులందరును ఒక్క కుటుంబమువలె ఆ విధానమునకు సమష్టిగా బాధ్యులగు నేటి పద్ధతికి దృష్టాంతము కావలెనన్నచో, ఆ పద్ధతి పుట్టిన యింగ్లండునే చూడవలెను. భారత రాజ్యాంగపు 75వ అధికరణమున మంత్రిమండలి లోకసభకు సమష్టిగా బాధ్యత వహించునని యున్నది. ఆ సంప్రదాయము అచ్చటినుండి వచ్చినదే. ఇంగ్లండు చరిత్రయం దొకే మనుష్యుడు మొదట పదవి వదలిన మంత్రిగాను, పదునెనిమిదేండ్ల పిమ్మట ఇతరులు పదవి వదలుటకు కారకుడైన నాయకుడుగాను కనబడును. అతడు ఆంథొనీ ఈడెను.

1937 మే నెలలో బాల్డ్విను తప్పుకొనగా నెవిలు చేంబర్లేను ఇంగ్లండునకు ప్రధానమంత్రి యయ్యెను. ఈడె నప్పటికే విదేశాంగమంత్రి. 1935 డిసెంబరులో, నలువది యేండ్లయిన నిండకయే, ఆ పదవి కెక్కినవాడు. క్రొత్త ప్రధాని నియంతలతో మాటాడి వారిని చల్లబరుపవచ్చునని నమ్మెను. ఇటలీ నియంత ముస్సోలినీ 1936లో అబిసీనియాను మ్రింగెను. స్పెయిను అంతర్యుద్ధమునకు వేలకొలది సైనికులను పంపెను. ముందు స్పెయినునుండి సేనలను తీయుట కారంభింపుము, పిమ్మట మాటలు, అని ఈడెను. ముందు మాటలు మొదలుపెట్టుదము, తక్కినది తరువాత, అని చేంబర్లేను. పైకి చూచిన నిది ముందు వెనుకల తగవే. మంత్రివర్గములో ననేకులకు తేడాయే కనబడలేదు.

కాని లోపల జరిగినది వేరు. 1938 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు లోకశాంతికై ఒక సమాలోచన ప్రతిపాదించుచు రహస్యముగా సందేశమంపెను. ఈడె నప్పుడు ఫ్రాన్సు దక్షిణతీరమున విశ్రాంతి తీసికొనుచుండెను. అతనితో ఒక్కమాట యనక చేంబర్లేను దానిని నిరుత్సాహపరచు ప్రత్యుత్తర మంపెను. అదియునుగాక ప్రధాని సవతియన్న ఆస్టెను భార్య, అప్పటికి వితంతువు, రోమునగరమున నుండి, మరది వ్రాసిన యుత్తరములను ముస్సోలినీవారికి చూపుచుండెను. విదేశవ్యవహారములకు వ్రాలు చేయువాడొకడు, నడపువా రింకొకరు. దివాణములో దివాను కూర్చుండగనే అంతఃపురపు చీటీలతో సంస్థానము నడచినట్లు. 1938 ఫిబ్రవరి 20న ఈడెను పదవి వదలెను. అతని సహాయమంత్రి క్రాన్‌బోర్ను ప్రభువును తోడనే వదలెను. కామన్సు సభలో ఈడెను మాటలు మెత్తగానే యుండెను. క్రాన్‌బోర్ను మాటలే పదును. ఈడె నంత మెత్తగా మాటాడుటచే అసలు కారణము ప్రజలకు సగమే తెలిసెను. రూజ్వెల్టు సందేశముమాట అప్పటికి గుప్తముగనే యుండిపోయెను.

ఇంత చెప్పినపిమ్మట ఆ రాజీనామా ధర్మమైనదా? తన పేరున తనకు తెలియని కార్యములు జరుగుచుండగా చేవ్రాలు వెనుకకు తీసికొనెను గనుక ధర్మమైనదే. కాని నిండైనది కాదు. వదలినవాడు కారణము స్పష్టముగా చెప్పుటయు అందొక భాగము. తరువాత ఏడెనిమిది నెలలు ఈడెను జాగ్రత్తగా మసలెను. తిరిగి పిలుపు వచ్చుదారి మూయరాదను జాగ్రత్త యదియని అనుకొనువారు అప్పుడును నుండిరి. ఆ సెప్టెంబరులో చేంబర్లేను మ్యూనిచ్‌లో హిట్లరుతో ఒడంబడి జెకోస్లోవేకియా సరిహద్దుసీమలను అతని కప్పగించి వచ్చినపుడు లండను వీథులలో ప్రజలు జేజేలు పలికిరి. ఆ జేజేలమధ్య మంత్రిత్వము వదలినవాడొక్కడే: నౌకాదళమంత్రి డఫ్ కూపరు. అక్టోబరు 3న సభలో నిలిచి కారణము దాపరికము లేక చెప్పెను. ఊరంతయు పందిరివేసి సంబరపడుచుండగా ఇది పెండ్లి కాదని చెప్పుటకు గుండె దిటవు కావలెను. సభ 366 వోట్లతో చేంబర్లేనునే సమర్థించెను, ఎదుటిపక్షమున 144. ఈడెను ఆ ఒప్పందమున కనుకూలముగాగాని ప్రతికూలముగాగాని వోటు వేయక కూర్చుండెను. ఒక్క యేడు గడువకయే యుద్ధము వచ్చి వీరందరును ఒక్కొక్కరుగా తిరిగి మంత్రులైరి. ఫలితమును బట్టి చూచి వీరిని మెచ్చుట సులభము. కాని వీరు వదలిన నాటికి ఆ ఫలితము తెలియదు. ఆనాటి లెక్క ఆనాటి వెలలతోనే కట్టవలెను.

ఇక రెండవ అంకము. 1955 ఏప్రిలు 6న, చర్చిలు వృద్ధుడై తప్పుకొనగా, ఈడెను ప్రధాని యయ్యెను. అతని విదేశాంగ కార్యాలయమున స్టేటుమంత్రి ఆంథొనీ నట్టింగు, వయస్సు ముప్పదియైదు, ఈడెనునకు ప్రీతిపాత్రుడు. సూయజు కాలువ ప్రాంతమునుండి బ్రిటిషు సేనలను తొలగించు ఒడంబడికపై 1954 అక్టోబరు 19న కెయిరో నగరమున నాసరుతో గూడ బ్రిటను తరపున వ్రాలు చేసినవా డీ నట్టింగే. ఈ వ్రాలు జ్ఞాపకముంచుకొనవలెను. ఆ ఒడంబడిక ప్రకారము 1956 జూనునాటికి కడపటి బ్రిటిషు సైనికుడు కాలువతీరము వదలెను. జూలై 26న నాసరు కాలువ కంపెనీని జాతీయము చేసెను. ఈడెను మండిపడెను. ముస్సోలినీని నమ్మరాదని పదునెనిమిదేండ్ల క్రిందట చెప్పిన మనస్సు నాసరునందు మరియొక ముస్సోలినీని చూచెను. పామును చూచి జడిసినవాడు త్రాటిని చూచి కత్తి దూసినట్లయ్యెను.

అక్టోబరు 14న ఫ్రెంచి ప్రభుత్వమువారి దూత లిరువురు ఈడెనును అతని విడిదియగు చెకర్సు భవనమున కలసిరి. విదేశాంగమంత్రి సెల్విను లాయిడు న్యూయార్కులో నుండుటచే నట్టింగు ఆ గదిలో నుండెను. వారు తెచ్చిన యెత్తు ఇది: ఇజ్రాయేలు ఈజిప్టుమీద పడును, అపుడు బ్రిటనును ఫ్రాన్సును కాలువను కాపాడు మధ్యవర్తులమని చెప్పి ఇరుపక్షములను కాలువనుండి తొలగుడని శాసించి సేనలను దించును. అనగా ఇంటికి నిప్పుపెట్టువానితో ముందే మాటాడుకొని, పిమ్మట నీళ్ల బిందెలతో లోన ప్రవేశించుట. నట్టింగు తరువాత వ్రాసినదానిని బట్టి, దూతలు ఈ సంగతి యెత్తగనే ఈడెను తన కార్యదర్శిని వ్రాత ఆపుమనెను. దస్త్ర మెరిగినవారికి ఇంతకంటె సాక్ష్య మక్కరలేదు. వ్రాయరాని మాట మంచిమాట యగుట అరుదు.

అక్టోబరు 24న పారిసు నగరము చెంత సేవ్రు అను చోట మూడు దేశములవారును ఆ యెత్తును కాగితముమీద పెట్టి వ్రాళ్లు చేసిరి. బ్రిటను తరపున వ్రాలు చేసినవాడు పాట్రిక్ డీను అను ఉద్యోగి. కాగితము పుట్టినదని విని ఈడెను కలవరపడెను. ఆ ప్రతులను నాశనము చేయుటకై మరల మనుష్యులను పారిసునకు పంపెను. ఫ్రెంచివా రొప్పుకొనలేదు. లండనుప్రతి మాత్రము మాయమయ్యెను. అక్టోబరు 29న ఇజ్రాయేలు దాడి. 30న "మధ్యవర్తుల" శాసనము. 31న విమానములనుండి బాంబులు. అన్నియు అచ్చుగ్రుద్దినట్లు జరిగెను.

నట్టింగు 31వ తేదీన రాజీనామా యిచ్చెను. నవంబరు 3న అది లోకమునకు తెలిసెను. ఇతని స్థితి యాలోచింపుడు. సేనలను తొలగించు ఒడంబడికపై వ్రాలు తనది. సేనలు మరల పోవుచున్నవి. పోవుటకు చెప్పు కారణము అబద్ధము. అది అబద్ధమని తెలిసిన బహుకొద్దిమందిలో తా నొకడు. సభలో లేచి ఆ అబద్ధమును సమర్థింపవలసినవారిలోను తా నొకడు. ఇక్కడ భేదాభిప్రాయపు మాట లేదు. విధానము తెలివైనదా కాదా యను ప్రశ్నయు ద్వితీయము. వ్రాలు నిలుపుకొనవలెనా, పదవి నిలుపుకొనవలెనా, అంతియే. అతడు పదవి వదలెను. సొంత నియోజకవర్గపు పార్టీవారే ఆగ్రహింపగా పార్లమెంటు సభ్యత్వమును సైతము పోగొట్టుకొనెను.

యుద్ధము జరుగుచుండగా మంత్రి లేచిపోవుట ద్రోహము కాదా యని ఒక యాక్షేపణ కలదు. ఈ యాక్షేపణలో బలము లేకపోలేదు. సైనికులు ఓడలలో నుండగా వెనుక ఇల్లు చీలినదని శత్రువు వినుట మంచిది కాదు. విభీషణు డంతటివానికి నేటికిని ఇంటిగుట్టు లంకకు చేటను సామెత తప్పలేదు. కాని విభీషణుడు పోయి రాముని చేరెను; నట్టింగు నాసరును చేరలేదు. పైగా యుద్ధ మారంభమైన పిదప చెప్పరాదు, ఆరంభమునకు ముందు రహస్యము గనుక చెప్పరాదు అన్నచో, చెప్పదగిన కాల మేదియు మిగులదు.

దీనికి ప్రక్కన వాల్టరు మంక్టను నడత చూడదగినది. ఇతడు ఈడెను మంత్రివర్గమున రక్షణమంత్రి. ఈ దండయాత్ర అతనికి నచ్చలేదు. అక్టోబరు నడుమ రక్షణశాఖ వదలి, భారము లేని వేరొక మంత్రిపదవిలోనికి జరిగి, మంత్రివర్గములోనే కూర్చుండెను. తాను బయటికి పోయినచో ప్రభుత్వమే కూలునని సందేహించితినని తరువాత చెప్పుకొనెను. మంచివాడు, మర్యాదస్థుడు. కాని బండిక్రింద నలుగువానిని చూడలేక బండిలోనే ఇటువైపునుండి అటువైపునకు తిరిగి కూర్చున్నట్లున్నది. ఖజానాశాఖలో చిన్నమంత్రి ఎడ్వర్డు బోయిలు కూడ ఆ నవంబరున వదలెను. అతనికి సేవ్రు రహస్యము తెలియదు. ఈ యుద్ధము కూడదను విశ్వాసముచేతనే వదలెను. రెండు నెలలకే, 1957 జనవరిలో, క్రొత్త ప్రధాని మెక్‌మిలను పిలువగా విద్యాశాఖలో ప్రవేశించెను. అందులో తప్పు పట్టవలసినది లేదు. విదురుడును తిరిగి వచ్చినవాడే.

క్రాన్‌బోర్ను ప్రభువేమయ్యెనని యడుగుట సహజము. 1938లో ఈడెనుతో వదలి పదునుగా మాటాడిన ఆ ప్రభువు తండ్రి బిరుదుతో సాల్స్‌బరీ ప్రభువై, 1956లో ఈడెను మంత్రివర్గమున పెద్దతలకాయయై, సూయజు దండయాత్రను సమర్థించెను. 1957 మార్చిలో సైప్రసు మతాధిపతి మకారియోసును ప్రవాసమునుండి విడిపించుట నచ్చక, క్రొత్త ప్రధాని మెక్‌మిలనుమీద అలిగి రాజీనామా యిచ్చెను. తన్ను పోగొట్టుకొనలేరని అనుకొనెనో యేమో. మెక్‌మిలను నిదానముగా స్వీకరించి పని చూచుకొనెను. ఒకే చేతినుండి వచ్చిన రెండు రాజీనామాలకును ఒకే విలువ యుండవలెనని లేదు.

తెలుగువా రీ సూయజు కథను పరాయిదని యనుకొనరాదు. దండయాత్రను నెహ్రూ ప్రభుత్వము గట్టిగా ఖండించెను. పిమ్మట అచ్చట శాంతి నిలుపుటకై ఐక్యరాజ్యసమితి పంపిన సేనలో భారతసైనికులు పదేండ్లకుపైగా నుండిరి. ఇక పదవి వదలుట యనునది మంత్రులకే చెందిన భాగ్యమనియు అనుకొనరాదు. 1921, 1922 సంవత్సరములలో గుంటూరు మండలమున, ముఖ్యముగా పెదనందిపాడు ప్రాంతమున, పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున పన్నుల నిరాకరణము జరిగినపుడు గ్రామోద్యోగులు పలువురు రాజీనామాలిచ్చిరి. వారు నిరాకరించినది విధానమును విమర్శించు స్వేచ్ఛ లేదని కాదు; పొరుగువాని గొడ్డును తమ చేతులతో జప్తుచేసి తమ వ్రాలు పెట్టలేమని. జీతము స్వల్పము. పోయినది మాత్రము తాతలనాటి జీవనాధారము.

భారతదేశమున క్రొత్త నాయకుని కాలమున జరిగిన యుదాహరణము 1965 నాటిది. 1964 జూనులో లాలు బహదూరు శాస్త్రి ప్రధాని యయ్యెను. 1965 జనవరి 26 నుండి హిందీ ప్రధాన అధికారభాష కావలసియుండెను. నెహ్రూ యిచ్చిన మాట నిలుచునా యని మద్రాసు రాష్ట్రము భగ్గుమనెను, ప్రాణములు పోయెను. ఫిబ్రవరి 11న కేంద్రమంత్రులు సి. సుబ్రహ్మణ్యము, ఓ. వి. అళగేశన్ రాజీనామాలిచ్చిరి. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు వానిని అంగీకరింపవలదని ప్రధానికి హితవు చెప్పెననుట ప్రసిద్ధము. ఆ రాత్రియే శాస్త్రి ఆకాశవాణిలో మాటాడి, హిందీయేతర ప్రాంతములు కోరునంతకాలము ఇంగ్లీషు నిలుచునని భరోసా ఇచ్చెను. మంత్రులు రాజీనామాలు వెనుకకు తీసికొనిరి. 1967లో చట్టమును సవరింపబడెను. వెనుకకు తీసికొనుటచే అది నటన యని కొందరనిరి. ఇది సరి కాదు. తమ ప్రజలకు తమ నోటితో ఇచ్చిన మాట చెల్లనపుడు వదలిరి; ఆ మాట చెల్లునని నాయకుడు లోకమెదుట పలుకగా నిలిచిరి. బకాయి తీరినపిమ్మట చీటీ చింపివేయుట ఋణదాత ధర్మము. శాస్త్రియు ఇందు మెచ్చదగినవాడే. మంత్రి రాజీనామాను ధిక్కారముగాగాక సమాచారముగా తీసికొన్న నాయకులు తక్కువ.

ఇక నట్టింగు బకాయి మాట. అతడు వదలెను, కాని కారణ మేమని సభలో చెప్పలేదు. పదవి వదలిన మంత్రి సభయెదుట నిలిచి మాటాడుట ఆ దేశపు ఆచారము, అతడు మాటాడలేదు. డిసెంబరు 20న ఈడెను అదే సభలో నిలిచి, ఇజ్రాయేలు దాడి చేయునని తమకు ముందుగా తెలియదని పలికెను. నట్టింగునకు నిజము తెలియును. మాటాడలేదు. మాటాడియుండినచో సహచరులయెడ రహస్యభంగము. సేన లింకను పూర్తిగా తిరిగి రానిదినములు. దేశముయొక్క పరువు అంతకుముందే నలుగురిలో పోయియుండెను. ఇవి బరువైన కారణములే. అబద్ధమునకు వ్రాలు చేయకపోవుట ఒక ధర్మము. తెలిసిన నిజమును ప్రజలకు చెప్పుట మరియొకటి. మొదటిదానిని అతడు సంపూర్ణముగా చెల్లించెను. రెండవదానికి వాయిదా వేసెను. వాయిదా పదునొకండేండ్లు. ఈలోపల ఈడెను 1957 జనవరి 9న అనారోగ్యముతో పదవి వదలెను; 1960లో తన స్మృతులు ప్రకటించెను; అందు సేవ్రు మాటయే లేదు. నట్టింగు 1964లో ఓల్డ్‌హాము నుండి పోటీచేసి ఓడెను. మరల పార్లమెంటు గడప ద్రొక్కలేదు.

1967లో నట్టింగు పుస్తకము వ్రాసి, అక్టోబరు 14నాటి చెకర్సు గదిలో జరిగినది మొదలుకొని అంతయు చెప్పెను. అప్పటికి ఈడెను జీవించియుండెను, చదివియుండును. లండనులో మాయమైన కాగితపు ప్రతి యొకటి ఇజ్రాయేలువారి భద్రములో చెడక నిలిచి, 1996లో, ఈడెను పోయిన పందొమ్మిదేండ్లకు, బయటపడెను. పాట్రిక్ డీను వ్రాలు దానిపై స్పష్టముగా నున్నది. నట్టింగు అప్పటికి వృద్ధుడై యింకను బ్రదికియుండెను. మరి మూడేండ్లకు, 1999లో, కాలధర్మము నొందెను.